మూడు మాటలు

ఆస్పత్రి వెనక తలుపు గడియకి
నేనే నూనె పెట్టాను, కిర్రుమనకూడదని.
పగలు ఆ తలుపు సంగతి ఎవరూ ఎత్తరు.

ఎండిన సావే నది ఇసక మీంచి
చెప్పులు చేత పట్టుకుని వస్తారు ఆ సంఘం ఆడవాళ్ళు.
తెల్ల అంగీల మీద మగవాళ్ళ పాత కోట్లు,
వెన్నెల్లో తెలుపు దూరానికి పట్టిస్తుంది మరి.
వీపున కట్టుకున్న పిల్లలు ఏడవకుండా
నోట్లో చెరుకు ముక్క.

సూది తొడకి వేస్తాను,
అంగీ కింద దాగుతుందని.
కార్డు ఇంటికి పంపను.
చీపుళ్ళ వెనక బిస్కెట్ల డబ్బాలో
నూట పద్నాలుగు కార్డులు,
దొంగసొత్తులా.

ఆ రాత్రి సెకెసాయి ముగ్గుర్ని తెచ్చింది.
నాలుగోవాడు అనేసు
నాయనమ్మ చంకలో నిద్రపోతున్నాడట,
తీస్తే ముసలామె లేస్తుందట.
"రేపు తెస్తాను సిస్టర్."
సీసాలో పది డోసులుంటాయి,
మూత తీశాక ఆరు గంటలే వాటి ఆయుష్షు.
తెల్లారగట్ల
మిగిలిన ఏడూ పారబోశాను.

ఆ రేపు రాలేదు.
తట్టు వచ్చింది.

పట్టపగలే, ముందు దారినే వెళ్ళాను వాళ్ళింటికి.
జైరోసి ముక్కాలిపీట వేశాడు,
వేయించిన వేరుశనగలు పెట్టాడు.
మూడు రోజులుగా మెతుకు ముట్టలేదు తను.
ప్రార్థించిన నీళ్ళు దూదితో తడిపి
పిల్లాడి పెదాలకి అద్దుతున్నాడు,
ఏ నర్సు చేతికీ రాని మెత్తదనంతో.
కసాయివాడై ఉంటే ఎంత బాగుండేది,
తిట్టి వచ్చేసేదాన్ని.

కాళ్ళావేళ్ళా పడ్డాను.
అతను గొంతు పెంచలేదు.
"హరారేలో, పెద్దాస్పత్రి నాలుగో అంతస్తులో
నీ కొడుక్కి ఎన్ని గొట్టాలు పెట్టారు సిస్టర్?
ఆపాయా?"

గొంతులో పచ్చి వెలక్కాయ.
వేరుశనగలు గుప్పిట్లోనే పట్టుకుని లేచాను.

జవాబు దారిలో దొరికింది, సగం నది దాటాక.
జవాబులంతే, ఆలస్యంగా నడుస్తాయి.
జైరోసీ, ఆ గొట్టాల పక్కన
నేనూ మోకాళ్ళ మీదే ఉన్నాను.
నిన్ను ప్రార్థించొద్దన్నదెవరు?
రెండు చేతులున్నాయి కదయ్యా,
ఒకటి దేవుడి పాదాలు పట్టుకుంటే
రెండోది బిడ్డని నది దాటించకూడదా?

వెనక్కి వెళ్ళి చెప్పలేదు.
పోలీసులకీ చెప్పలేదు.
చట్టం ఉంది, ఫోనుంది, అందులో డబ్బులూ ఉన్నాయి.
జీపు వస్తే పిల్లాణ్ణి లాక్కొస్తారు,
మర్నాటి నుంచి ఇసక మీద ఒక్క అడుగూ కనపడదు.
అటు ఒకడు, ఇటు నూట పద్నాలుగు.
లెక్క సరిపోయింది.
సరిపోయిందనే నిద్ర పట్టదు.

అనేసు అంటే దేవుడు మనతో ఉన్నాడని అర్థం.
ఆ పేరు వాళ్ళు పెట్టింది,
వాడి నోటికది తిరిగేది కాదు.
రెండేళ్ళవాడు, వచ్చినవి మూడే మాటలు,
సెకెసాయి వేళ్ళు మడిచి చెప్పింది నాకు:
అమ్మ. నీళ్ళు. కోడి.
ఆ మూడింట్లో విశ్వాసం లేదు,
అవిశ్వాసమూ లేదు.
చివరి రోజు ఒక్కటే అన్నాడట, రెండోది.
దూదితో అద్దారట.

మొన్న రాత్రి మళ్ళీ వచ్చింది సెకెసాయి,
ఏడో నెల కడుపుతో.
ధనుర్వాతం సూది వేస్తూ కిటికీలోంచి చూశాను,
నది అవతల ఎవరో లాంతరు పట్టుకుని నిలబడ్డారు.
మగమనిషే.
కాపు కాస్తున్నాడో, దారి చూపుతున్నాడో.
ఆమె చూసింది, నేను చూశాను,
ఇద్దరం ఏమీ అనుకోలేదు.
చొక్కా చెయ్యి కిందికి లాక్కుని
ఆమె ఆ వెలుతురు వైపే నడిచింది.